జవాబు పక్క ఊళ్లోనే

తెలుగు టీవీలో కోటి రూపాయల ప్రశ్నలు అడిగే కుర్చీలో ఇంతవరకూ ముగ్గురు నటులు కూర్చున్నారు. 2014లో మా టీవీలో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ మొదలైనప్పుడు నాగార్జున. 2017లో చిరంజీవి. 2021లో ఆ ఆట జెమినీ టీవీకి మారి ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ అయినప్పుడు జూనియర్ ఎన్టీఆర్. ఈ ముగ్గురిలో ఇద్దరి మూలాలు గుడివాడ చుట్టుపక్కలే ఉన్నాయి. నాగార్జున తండ్రి అక్కినేని నాగేశ్వరరావు పుట్టిన రామాపురం గుడివాడకు దగ్గర. జూనియర్ ఎన్టీఆర్ తాత ఎన్టీ రామారావు పుట్టిన నిమ్మకూరు పామర్రుకు దగ్గర. బడిచదువు పెద్దగా సాగని అక్కినేని పేరు మీద గుడివాడలో ఏకంగా కాలేజీయే ఉంది.

పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఈ పేరా చూడగానే పెన్ను తీస్తారు. ఏ ఏడాది, ఏ చానల్, ఎవరి తర్వాత ఎవరు, ఎవరిది ఏ ఊరు అంటూ ఇందులో అరడజను బిట్లున్నాయి మరి. నాలుగేసి ఆప్షన్లు తగిలిస్తే రేపటి మాక్ టెస్టుకు పేపరు తయారు. కాస్త ముదుర్లయితే, తెలుగులో ఆ ఆట ఆడి తొలిసారి కోటి గెలిచింది 2021లో తెలంగాణకు చెందిన ఒక పోలీస్ సబ్ ఇన్‌స్పెక్టరని కూడా చెబుతారు. ఆ మాట చెప్పేటప్పుడు వాళ్లు ఈర్ష్యపడేది కోటి చూసి కాదు, ఎస్సై ఉద్యోగం చూసి.

అందులో తప్పేమీ లేదు. గ్రూప్-2 సంగతే చూడండి. 2023 డిసెంబర్ 7న ఏపీపీఎస్సీ 897 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. తర్వాత అవి 905 అయ్యాయి. దరఖాస్తులు 4.8 లక్షలు దాటాయి. 2024 ఫిబ్రవరి 25న ప్రిలిమ్స్ జరిగితే, మెయిన్స్ రాసేసరికి 2025 ఫిబ్రవరి 23 వచ్చింది. ఈ మధ్యలో ఎన్నికలొచ్చాయి, రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, ప్రిలిమ్స్‌కు బట్టీపట్టిన మంత్రుల జాబితా మొత్తం బుట్టదాఖలైంది. ప్రిలిమ్స్‌లో ఉండే 150 మార్కుల్లో 30 కరెంట్ అఫైర్స్‌వే. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. అంతకుముందు, 2019 సెప్టెంబరులో గ్రామ, వార్డు సచివాలయాల కోసం 1,26,728 పోస్టులకు పరీక్షలు పెడితే 21 లక్షలకు పైగా దరఖాస్తు చేశారు. ఆ వేసవి నుంచి వినాయక చవితి దాకా ఏ ఊళ్లో చూసినా అరుగు మీద జీకే పుస్తకమే. రైల్వేవాళ్లు అదే ఏడాది ఎన్టీపీసీ పేరుతో 35 వేల పైచిలుకు పోస్టులు ప్రకటిస్తే దేశం మొత్తం మీద కోటీ పాతిక లక్షల మంది పోటీ పడ్డారు. ఇంతమంది ఒకే సమయంలో ఒకే రకం సమాచారాన్ని నెమరువేయడం ప్రపంచంలో ఇంకెక్కడైనా జరుగుతుందా అన్నది ఏ బిట్ బ్యాంకులోనూ లేని ప్రశ్న.

ఇలా చదివేవాళ్ల నోటుబుక్కు ఒకటి తెరిచి చూడాలి. గుడివాడలో గ్రూప్-2కు చదువుతున్న ఒక అమ్మాయిది రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కు. ఎడమ మార్జిన్‌లో తేదీ. ప్రశ్న నల్ల ఇంకుతో, జవాబు నీలం ఇంకుతో. మారిపోయే జవాబులు మాత్రం పెన్సిల్‌తో. ఈ పెన్సిల్ జాబితా చాలా పొడవు. రెపో రేటు, సైన్యాధిపతి, ప్రధాన ఎన్నికల కమిషనర్, చెస్ ప్రపంచ ఛాంపియన్, భారతదేశంలో రామ్‌సార్ చిత్తడి నేలల సంఖ్య. ఈ ఆఖరిదాని దగ్గర రబ్బరు రుద్దీ రుద్దీ కాగితం పల్చబడింది. 2022 ఆగస్టులో 75 అని రాసింది. 2024 ఆగస్టుకు అది 85 అయింది. 2025 జూన్‌కు 91. ఆ జాబితాలోని కొల్లేరు చేరింది మాత్రం 2002లోనే కాబట్టి దాన్ని నీలం ఇంకుతో రాసింది.

గుడివాడ నుంచి కైకలూరు రోడ్డు పట్టుకుంటే ఆ కొల్లేరు దారిలోనే తగులుతుంది. 2006లో పొక్లెయిన్లు తెచ్చి ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిన సంగతి అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. ఎవరి చెరువు పోయింది, ఎవరిది మిగిలింది, ఎవరి కౌలు డబ్బు వెనక్కి రాలేదు, అన్నీ చెబుతారు. రామ్‌సార్ అన్న మాట మాత్రం చాలామందికి తెలియదు. ఆ మాట తెలిసిన పిల్లలకేమో ఐదో కాంటూరు గొడవ తెలియదు. ఒకే చెరువు గట్టు మీద ఇద్దరూ నిలబడి, చెరో సగం జవాబు పట్టుకున్నారు.

ఈ పేచీ కొల్లేటి దగ్గరే ఆగలేదు. కృష్ణా డెల్టా దిగువన ఎటు తిరిగినా జీకే పుస్తకంలో పేజీ ఏదో ఒకటి కాళ్లకు తగులుతుంది. గుడివాడ జంక్షన్‌లో బందరు వెళ్లే పాసింజర్ ఎక్కితే గుడ్లవల్లేరు, కవుతరం, వడ్లమన్నాడు, పెడన, చిలకలపూడి, ఆ తర్వాత మచిలీపట్నం. గంట ప్రయాణానికి కాస్త అటూ ఇటూ. కవుతరం అనగానే కైకాల సత్యనారాయణ. చిలకలపూడి అనగానే రోల్డ్ గోల్డ్ నగలు, పాండురంగస్వామి గుడి. లైనుకు దూరంగా చౌటపల్లిలో ఘంటసాల పుట్టాడు. పామర్రు వైపు వెళ్తే కూచిపూడి, దాని పక్కనే క్షేత్రయ్య మొవ్వ. ఇవన్నీ ఒక్కో మార్కు. పెడన దగ్గర మాత్రం రైలు దిగాలి.

పెడనను పరీక్ష పేపర్లు ఒకే తీరుగా అడుగుతాయి. శ్రీకాళహస్తిది కలంతో గీసే కలంకారీ, మచిలీపట్నానిది అచ్చులతో అద్దే కలంకారీ. దీన్ని జతపరచమంటారు, లేదా భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువుల జాబితాలో పెట్టి, లేనిదేదో చెప్పమంటారు. పిల్లలు ఠక్కున పెట్టేస్తారు. పెడనలో అద్దకం షెడ్డులోకి వెళ్తే ముందు ముక్కుకు తగిలేది వాసన. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో గుడ్డను ముంచి ఎండబెడతారు. ఆ పాల జిడ్డు లేకపోతే రంగు పరుచుకుపోతుంది, గీత నిలబడదు. ఒక మూల కుండల్లో తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులుస్తూ ఉంటుంది. నల్ల రంగు అందులోంచే వస్తుంది. పటిక నీళ్లతో అద్దినప్పుడు అచ్చు దాదాపు కనపడదు. తర్వాత రంగుచెక్క వేసి కాగులో ఉడికించినప్పుడు, పటిక ఉన్నంత మేరా ఎరుపు తేలుతుంది. బల్ల మీద అచ్చును పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు. పక్క అచ్చుతో గీత కలిసిందా లేదా అన్నది ఆ గుద్దులోనే ఉంటుంది. ఉతకడానికి మాత్రం పారే నీరు కావాలి. అందుకే ఈ పని కాలువలున్న ఊళ్లో బతికింది. పటిక, ఇనుము, కరక్కాయ కలిసి చేసే ఈ పని రసాయన శాస్త్రంలో మంచి పాఠం. కానీ సిలబస్‌లో కలంకారీ ‘కళలు, సంస్కృతి’ కింద ఉంటుంది, రసాయన శాస్త్రం ‘సైన్స్ అండ్ టెక్నాలజీ’ కింద ఉంటుంది. రెంటికీ రెండు పుస్తకాలు, ఇద్దరు మాస్టార్లు.

బందరు స్టేషన్లో దిగాక అసలు తకరారు మొదలవుతుంది. భారతదేశంలో ఇంగ్లిషువాళ్ల తొలి వర్తక స్థావరం ఎక్కడ? గ్లోబ్ అనే ఓడ 1611లో ఈ రేవుకు వచ్చింది, గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో వ్యాపారం మొదలైంది. జహంగీరు అనుమతితో సూరత్‌లో స్థావరం ఏర్పడింది 1613లో. కొన్ని పుస్తకాలు సూరత్ అంటాయి, కొన్ని బందరు అంటాయి. ప్రశ్నలో తూర్పు తీరం అని ఉంటే బందరు, మొగలుల ఫర్మానా అని ఉంటే సూరత్. రెండూ లేకుండా ఉత్త ‘తొలి’ అని ఉంటే దేవుడే దిక్కు. ‘కీ’ వచ్చేదాకా ఆగి, పుస్తకం పేజీ జెరాక్స్ తీసి, అభ్యంతరం పెట్టుకోవాలి. బందరువాళ్లకు ఇందులో సందేహమేమీ లేదు. సూరత్ పేరెత్తితే వాళ్లు నవ్వి ఊరుకుంటారు.

అదే ఊళ్లో భోగరాజు పట్టాభి సీతారామయ్య. ఈయన గురించి అడిగే ప్రశ్నలు చూస్తే జాలేస్తుంది. 1939లో త్రిపురి కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోస్ చేతిలో ఓడిందెవరు? జేవీపీ కమిటీలో ‘పీ’ ఎవరు? మొదటిదానిలో ఆయన రెండొందల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిన మనిషి, రెండోదానిలో నెహ్రూ, పటేల్‌ల తర్వాత వచ్చే ఒట్టి అక్షరం. నిజానికి ఆయన బందరులో ప్రాక్టీసు పెట్టిన డాక్టరు. వైద్యం వదిలేసి కృష్ణా జిల్లా రైతుకూ, వ్యాపారికీ అప్పు పుట్టే చోట్లు వరసగా కట్టుకుంటూ పోయాడు. 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు. 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు. మధ్యలో కాంగ్రెస్ చరిత్ర రాశాడు. 1948లో జైపూర్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యాడు, ఆ తర్వాత మధ్యప్రదేశ్ గవర్నరయ్యాడు. బోసు మీద ఓడటం ఆయన జీవితంలో నాలుగు వారాల ముచ్చట. పరీక్షల్లో మాత్రం అదే ఆయన శాశ్వత చిరునామా.

ఆంధ్రా బ్యాంకు కూడా నోటుబుక్కులో ఇంకు మారిన పద్దే. స్థాపన 1923 అన్నది నీలం. జాతీయం 1980 అన్నదీ నీలమే. ప్రధాన కార్యాలయం హైదరాబాద్ అన్నది 2020 ఏప్రిల్ 1న అడ్డగీత పడింది. ఆ రోజు బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. కరోనా లాక్‌డౌన్ కాలం కావడంతో గుడివాడ, బందరు వీధుల్లో ఆ వార్త మీద టీ కొట్టు చర్చ కూడా జరగలేదు. డెల్టా రైతుల పాసుపుస్తకాల మీద దాదాపు నూరేళ్లు ఉన్న పేరు ఒక కరెంట్ అఫైర్స్ లైనుగా మారి, ఏడాది తిరిగేసరికి స్టాటిక్ జీకేలోకి వెళ్లిపోయింది.

ఇక పింగళి వెంకయ్య. మొవ్వ దగ్గర భట్లపెనుమర్రులో పుట్టాడు. ‘జాతీయ పతాక రూపకర్త ఎవరు?’ అన్నది బహుశా తెలుగునాట ఎక్కువసార్లు అడిగిన జీకే ప్రశ్న. మూడో తరగతి పిల్లాడు కూడా జవాబు చెబుతాడు. అందుకే ఇప్పటి పేపర్లు దాన్ని అలా అడగడం మానేశాయి. ఇప్పుడు వ్యాఖ్యలిస్తారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో ఆయన గాంధీజీకి ఇచ్చిన జెండాలో ఎరుపు, ఆకుపచ్చ మాత్రమే ఉన్నాయి, సరైనదా? తెలుపు పట్టీ గాంధీజీ సూచన మీద చేరింది, సరైనదా? చరఖా ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్‌ది, సరైనదా? కాషాయం, తెలుపు, ఆకుపచ్చలతో కాంగ్రెస్ జెండా ఖరారైంది 1931లో, చరఖా స్థానంలో అశోకచక్రం వచ్చింది 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదంతో, సరైనవా? అన్నీ సరైనవే. ఒక్క పేరు జవాబుగా నేర్చుకున్నవాడు ఇక్కడ నెగెటివ్ మార్కు తెచ్చుకుంటాడు. కథ తెలిసినవాడు నాలుగింటికీ గుండ్రం దిద్ది వస్తాడు.

ఈ మార్పు మంచిదే. పేపరు తయారుచేసేవాళ్లు తెలిసి చేశారో, లక్షల మందిని వడగట్టడానికి వేరే దారి లేక చేశారో గానీ, జవాబు నుంచి కథను తెంపే పద్ధతికి కొంత అడ్డుకట్ట పడింది. పింగళి వెంకయ్య పత్తి రకాల మీద పరిశోధన చేసి పత్తి వెంకయ్య అనిపించుకున్నాడనీ, జపాన్ భాష నేర్చి జపాన్ వెంకయ్య అయ్యాడనీ, బందరులో 1910లో పుట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పాడనీ తెలిస్తే, ఆయన పక్కనే కోపల్లె హనుమంతరావూ, ముట్నూరి కృష్ణారావూ, కృష్ణాపత్రికా వచ్చి నిలబడతారు. ఒక పేరు గుర్తుపెట్టుకోవడం కన్నా ఒక ఊరు గుర్తుపెట్టుకోవడం తేలిక. కోచింగుల్లో చెప్పే షార్ట్‌కట్ కోడ్‌ల కన్నా ఈ దారి ఎక్కువ కాలం నిలుస్తుంది. ఈ వ్యాసకర్తకు తెలిసిన నెగ్గినవాళ్లంతా ఆ పని చేసినవాళ్లే.

జిల్లాల లెక్క చెప్పుకుంటే నవ్వు రాక మానదు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. కృష్ణా జిల్లా రెండైంది. విజయవాడ కేంద్రంగా ఉన్నదానికి ఎన్టీఆర్ జిల్లా అని పేరు. బందరు కేంద్రంగా ఉన్నది కృష్ణా జిల్లాగానే మిగిలింది. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు కృష్ణా జిల్లాలో ఉంది. ఆయన 1983లోనూ, 1985లోనూ గెలిచిన గుడివాడా కృష్ణా జిల్లాలోనే ఉంది. అంటే ఎన్టీఆర్ సొంతూరు ఎన్టీఆర్ జిల్లాలో లేదు. పేపరు తయారుచేసే పంతులుగారికి ఇంతకన్నా మంచి ఉచ్చు దొరకదు. కైకలూరు ఏలూరు జిల్లాకు పోవడంతో కొల్లేటి జవాబు కూడా కదిలింది. పాత పుస్తకాల్లో ‘కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య’ అని ఇంకా అచ్చవుతూనే ఉంది. ఆ పుస్తకాలు బస్టాండు దగ్గర సగం ధరకు దొరుకుతాయి. ఎందుకు సగం ధరో కొన్నవాళ్లకు పరీక్ష హాల్లో తెలుస్తుంది.

దివిసీమకు వెళ్దాం. కృష్ణా నది పులిగడ్డ దగ్గర చీలి, సముద్రంలో కలిసేలోగా చుట్టేసిన లంకభూమి అది. అక్కడి అవనిగడ్డ డీఎస్సీ కోచింగుకు రాష్ట్రమంతటా పేరుమోసిన ఊరు. బెజవాడ కాదు, గుంటూరు కాదు, తాలూకా స్థాయి పట్నం. టీచర్ పోస్టుల కబురు వినపడగానే ఉత్తరాంధ్ర నుంచీ, రాయలసీమ నుంచీ పెట్టెలు దిగుతాయి. ఇళ్లు హాస్టళ్లవుతాయి, వసారాలు మెస్సులవుతాయి, జెరాక్స్ మిషన్లు అర్ధరాత్రి దాకా తిరుగుతాయి. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చి, జూన్‌లో పరీక్షలు మొదలయ్యేదాకా ఇదే సందడి. సెకండరీ గ్రేడ్ టీచర్ పరీక్షలో జీకే, కరెంట్ అఫైర్స్‌కు ఉన్నది ఎనిమిది మార్కులు. ఒక్కో బిట్టుకు అర మార్కు. ఆ అర మార్కు మీదే ర్యాంకు వందల్లో కిందకీ పైకీ దూకుతుంది కాబట్టి, దాన్ని తేలిగ్గా తీసుకునే ధైర్యం ఎవరికీ లేదు.

సిక్కోలు నుంచి వచ్చిన పిల్లకు అవనిగడ్డలో మొదటి వింత, పక్కనే ఘంటసాల మండలంలో ఇంకో శ్రీకాకుళం ఉండటం. ఆంధ్రమహావిష్ణువు గుడి అక్కడే ఉంది. కృష్ణదేవరాయలకు ఆముక్తమాల్యద రాయమని స్వామి కలలో చెప్పింది ఆ ఊళ్లోనే అంటారు. రెండు శ్రీకాకుళాలను తారుమారు చేయడం ప్రశ్నపత్రాలకు మహా సరదా.

రెండో వింత వింత కాదు. 1977 నవంబర్ 19, శనివారం. ఆ ఉప్పెన దివిసీమను ఊడ్చుకుపోయింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి. అధికారిక లెక్క పది వేల దాకా, ఊళ్లవాళ్ల లెక్క దానికి మించి. డెబ్బై దాటిన మనిషి ఎవరైనా మెస్సు అరుగు మీద కూర్చుంటే, తాటిచెట్టు పట్టుకుని బతికిన రాత్రి గురించి చెబుతారు. అడగకపోయినా చెబుతారు. ఆ కథ వింటున్న పిల్లలు పొద్దున క్లాసులో చదువుకున్నది తుపాన్ల పేర్లు. హుద్‌హుద్‌కు పేరు పెట్టింది ఒమన్. తిత్లీకి పాకిస్తాన్. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాంకు మయన్మార్. 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర ఒడ్డెక్కిన మొంథాకు థాయ్‌లాండ్. ఉత్తర హిందూ మహాసముద్రంలో ఇలా పేర్లు పెట్టడం మొదలైంది 2004లో. 2020లో 13 దేశాలు తలా 13 పేర్లిచ్చి 169 పేర్ల జాబితా చేశాయి. 1977 ఉప్పెనకు పేరు లేదు. 1864 నవంబర్ 1న బందరును ముంచి ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకున్న తుపానుకూ పేరు లేదు. పేరు లేనిదాని మీద బిట్టు రాయడం కష్టం.

పేర్లు నేర్పడం అనవసరం అని కాదు. పేరు ఉంటే హెచ్చరిక ఊరూరా తొందరగా పాకుతుంది, రెండు తుపాన్లు ఒకేసారి వచ్చినా గందరగోళం ఉండదు. పేర్లు పెట్టిందే అందుకు. కానీ పేరు పెట్టిన దేశం ఏదో తెలిసి, ఉప్పెన ఎందుకు వస్తుందో తెలియని టీచరు రేపు నాగాయలంక బడిలో పాఠం చెప్పాలి. తీరం పల్లంగా ఉండి, సముద్రం లోతు తక్కువై, గాలి నీటిని నేలమీదకు తోసినప్పుడు ఆ నీటికి పోవడానికి దారి ఉండదని, అందుకే ఈ తీరంలో గాలి కన్నా నీరే ఎక్కువమందిని చంపిందని చెప్పడానికి అర మార్కు కూడా కేటాయించలేదు.

బిట్లను వెక్కిరించడం తేలిక. పెద్ద చదువులు చదివినవాళ్లు ఆ పని సరదాగా చేస్తుంటారు. వాళ్లు ఒక విషయం మరిచిపోతారు. గ్రూప్-2లో ఇంటర్వ్యూ లేదు, మెయిన్స్ తర్వాత ఉన్నది కంప్యూటర్ ప్రావీణ్య పరీక్షే. ఓఎంఆర్ షీటుకు అభ్యర్థి యాస తెలియదు, నాన్న ఏం చేస్తాడో తెలియదు, ఏ కాన్వెంటులో చదివాడో తెలియదు. మినప చేల కూలికి వెళ్లే తల్లి కూతురు, బందరు కోర్టులో ప్లీడరు కొడుకు ఒకే గదిలో, ఒకే నల్ల బాల్‌పెన్నుతో, ఒకే గుండ్రం దిద్దుతారు. ఈ దేశంలో పేదవాడికి అంత ఖచ్చితంగా సమానత్వం దొరికే గంటలు ఇంకెన్నో లేవు. అందుకని బిట్టు పోవాలని కోరేవాళ్లు ముందు దాని బదులు ఏం పెడతారో చెప్పాలి. ‘వ్యక్తిత్వం చూసి తీసుకుంటాం’ అంటే ఎవరి వ్యక్తిత్వం ఎవరికి కనపడుతుందో మనకు తెలిసిందే.

తెలుగులో లోకజ్ఞానాన్ని పేదవాడి చేతికి ఇవ్వాలన్న పట్టుదల మొదలైందీ ఈ ప్రాంతం మనుషులతోనే. పెనుగంచిప్రోలులో 1877లో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞానచంద్రికా మండలి పెట్టి చరిత్ర, సైన్సు పుస్తకాలు తెలుగులో వేయించాడు. తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టాడు. మూడు సంపుటాలు వచ్చేసరికి ఇంకా ‘అ’ అక్షరం దగ్గరే ఉన్నాడు. ఆ నిదానం చూస్తే ఈనాటి ‘ముప్పై రోజుల్లో సమస్త జీకే’ పుస్తకాలవాళ్లకు కళ్లు తిరుగుతాయి. ఆయన 1923లో పోయాక ఆ పని మళ్లీ భుజానికెత్తుకున్నది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. అమృతాంజనం పంతులుగారే. ఆయనది పామర్రు దగ్గరి ఎలకుర్రు. 1914లోనే ఆంధ్రపత్రికను దినపత్రికగా మార్చి, రోజువారీ లోకం సంగతులు తెలుగు ఇళ్లకు చేర్చింది కూడా ఆయనే. కరెంట్ అఫైర్స్‌కు తెలుగులో పితామహుడెవరని అడిగితే ఆప్షన్లలో ఆయన పేరు ఉండి తీరాలి.

అదే 1914లో ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రోద్బలంతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. ఊరూరా గ్రంథాలయం అన్న ఉద్యమం దాంతో నిలదొక్కుకుంది. స్వాతంత్ర్యం తర్వాత 1960లో గ్రంథాలయ చట్టం వచ్చింది. ఆస్తి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఇప్పటికీ కడుతూనే ఉన్నాం. ఏ ఊరి శాఖా గ్రంథాలయానికైనా పొద్దున్నే వెళ్లి చూడండి. నవలల బీరువాలకు తాళం. న్యూస్‌పేపరు మాత్రం ఐదు ముక్కలై ఐదుగురి చేతుల్లో ఉంటుంది. సంపాదకీయం ఒకరికి, బిజినెస్ పేజీ ఒకరికి, ఆటలు ఒకరికి. మొదటి పేజీ ఖాళీ అయ్యేదాకా వెనక ఇద్దరు నిలబడి ఉంటారు. రాజకీయం చర్చించుకునే పెన్షనర్లు విసుక్కుంటూ వసారాలోకి జరిగారు. గ్రంథాలయ ఉద్యమం నాటివాళ్లు ఊహించిన పాఠకుడు ఇతనో కాదో గానీ, ఈ రోజు ఆ కుర్చీలను నింపుతున్నది ఇతనే.

కానీ అక్కడ ఉన్న పోటీ పరీక్షల పుస్తకాలు చూస్తే మంత్రుల పేర్లు రెండు ప్రభుత్వాల కిందటివి. తెలుగు అకాడమీ పుస్తకాలు ఒక్కో కాపీ ఉంటే ఉంటాయి, అట్టలు ఊడిపోయి. కొత్తవి కొనాలంటే ఒక్కో పేపరుకు నాలుగైదు పుస్తకాలు, నెల నెలా మ్యాగజైను, టెస్ట్ సిరీస్. అప్పు చేసి కొంటారు. ఉద్యోగం వస్తే ఆ పుస్తకాల కట్ట అటక ఎక్కుతుంది, రాకపోతే తూకానికి వెళుతుంది.

కాబట్టి ఈ ప్రాంతంలో ఉద్యోగం వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక విన్నపం. సచివాలయంలో చేరినవాళ్లూ, బ్యాంకులో కూర్చున్నవాళ్లూ, మెగా డీఎస్సీలో పోస్టింగ్ తీసుకున్న టీచర్లూ, మీ పుస్తకాలూ నోట్సూ మీ ఊరి శాఖా గ్రంథాలయానికి ఇచ్చేయండి. మీ చేతిరాత నోట్సుకు ఏ అచ్చు పుస్తకమూ సాటిరాదు. మొదటి పేజీలో మీ పేరు రాయకపోయినా ఫర్వాలేదు. ఇందులోని జవాబులు ఏ నెల, ఏ సంవత్సరం దాకా నిజమో మాత్రం తప్పకుండా రాసి ఇవ్వండి.